మాఘమాసంలో ద్వాలి గరిక

ద్వాలి నోరు తెరిచిందంటే వాగు అవతల మేసే మేకలు కూడా తలెత్తి చూసేవని ఆ చుట్టుపక్కల చెప్పుకునేవాళ్లు. మనిషి చూస్తే పొట్టి, పైగా బక్కపలచన. అంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడ దాచుకుందో ఎవరికీ అంతుపట్టేది కాదు. పూలని తిట్టేది, పురుగుని తిట్టేది, నీళ్ల పైపుని తిట్టేది. తిట్టినంతసేపూ చేతులు మాత్రం పనిలోనే ఉండేవి.

బూర్గంపాడు దాటి అడవి దారి పట్టి కొంత దూరం పోతే ఒక వాగు వస్తుంది. డెబ్బైల్లో దాని మీద చిన్న ప్రాజెక్టు కట్టారు. కట్ట పోసేటప్పుడు తండాల నుంచి, గూడేల నుంచి వచ్చిన కూలీల్లో ద్వాలి ఒకతె. మట్టి తట్టలు మోసింది, రాళ్లు మోసింది. కట్ట పూర్తయ్యాక అందరూ మూటాముల్లే సర్దుకుంటుంటే అప్పటి ఇంజనీరు ఆమెని పిలిచి, గెస్ట్‌హౌస్‌కి మాలి కావాలి, చేస్తావా అని అడిగాడు. మాలి అంటే ఏం చెయ్యాలో ద్వాలికి ఓనమాలు కూడా తెలియవు. అయినా ఒక్క క్షణం ఆలోచించలేదు.

"చేస్త సారూ. నాకు రాని పనేంది?" అంది.

ముందు ఒప్పేసుకోవడం, తరవాత కిందామీదా పడి నేర్చుకోవడం. ద్వాలి బతుకంతా ఇదే వరస. పెళ్లి కూడా అలాగే చేసుకుందని ఆమె మొగుడు దేవ్లా నవ్వుతూ అనేవాడు. దేవ్లా తండాలో తమకున్న కాస్త పొలంలో పత్తి, మిరప వేసేవాడు. నెమ్మదైన మనిషి. ఆ ఇంట్లో ఎవరో ఒకరు నెమ్మదిగా ఉండాలి కదా మరి.

ఎనభై మూడులో ప్రాజెక్టుకి కొత్త ఇంజనీరు వచ్చాడు. ఆయన కంటే ఆయన భార్య పద్మావతమ్మే ద్వాలి కథలో ముఖ్యం. గోదావరి దిగువన కడియం దగ్గర పుట్టిపెరిగిందావిడ. తండ్రికి నర్సరీ ఉండేది. గెస్ట్‌హౌస్ ముందు బోడి నేల చూసి ఆవిడ మొహం చిట్లించింది. అక్కడ లాను వెయ్యాల్సిందే అంది. లాను అంటే గడ్డి అని తెలిసి ద్వాలి ముందు నమ్మలేదు. పొలంలో కలుపని పీకి పారేసే గరికని ఇక్కడ కూర్చుని నాటాలా! అయినా తొలకరి పడగానే, పక్క కోయగూడెం నుంచి కూలికి వచ్చే జంపక్కని తోడు పెట్టుకుని, వాగొడ్డు నుంచి గంపలకొద్దీ గరిక తెచ్చింది. ఇద్దరూ దాన్ని ముక్కలు చేసి, నడుములు వంచి, వరినాటు వేసినట్టే వరసగా నాటారు.

"గింత పాటుపడి గడ్డి పెంచుడు దేనికే? గొడ్లకా?" అన్నాడు దేవ్లా.

"కాదు. చూసుడానికి."

"చూసుడానికి గడ్డా!" అని దేవ్లా ఆ రోజంతా తనలో తనే నవ్వుకున్నాడు.

శ్రావణం వచ్చేసరికి మాత్రం అతని నవ్వు ఆగిపోయింది. గరిక నేలంతా అల్లుకుని, గేటు నుంచి మెట్ల దాకా ఒత్తుగా, పచ్చగా పరుచుకుంది. ద్వాలి కొడవలి వదిలి కత్తెర పట్టడం నేర్చింది. ఎవరి మేక అయినా కాంపౌండు దగ్గరికి వచ్చిందా, దాని యజమాని వంశమంతా ఆమె నోట్లో పడేది.

సరిగ్గా ఆ శ్రావణంలోనే ద్వాలి కూతురు బాలికి సంబంధం కుదిరింది. పిల్లవాడు కిషన్‌లాల్. జూలూరుపాడు దగ్గరి తండా వాళ్లది, కరెంటు ఆఫీసులో హెల్పరు. మాట ఖాయం చేసుకోవడానికి వాళ్లు వచ్చిన రోజు వాన దంచికొట్టింది. బస్సు దిగి తండా దాకా నడిచే వీల్లేక, మధ్యవర్తి మంగీలాల్ వాళ్లని గెస్ట్‌హౌస్ వరండాలో కూర్చోబెట్టాడు. వాన వెలిసింది. పిల్లవాడి తల్లి రుక్మిణి లేచి మెట్లు దిగి గడ్డి మీద నిలబడింది.

రుక్మిణి ద్వాలికి పూర్తిగా ఎదురు మనిషి. నిటారుగా ఉంటుంది, మాట తక్కువ, నవ్వితే నవ్విందో లేదో తెలియదు. అలాంటి మనిషి తడి గడ్డి మీద పాదాలు ఆనించి, కళ్లు మూసుకుని, "ఏంది వదినె, ఈడ పండుకోబుద్ధయితాంది," అంది.

అంతే. ద్వాలి నెత్తిన పాలు పోసినట్టయింది.

"గింతనేనా వదినె! బిడ్డ పెండ్లి ఈడనే చేస్త చూడు. మాఘంల మీ తండోళ్లందరినీ గీ పచ్చటి గడ్డి మీదనే కూసోబెడ్త. నా జిమ్మ!"

దేవ్లా ఆమె కొంగు పట్టి లాగాడు. మంగీలాల్ ఆకాశంకేసి చూశాడు. గెస్ట్‌హౌస్ ఎవరిది, మాట ఇచ్చేది ఎవరు! రుక్మిణి మాత్రం ఒకసారి ద్వాలి మొహంలోకి చూసి, "సరే వదినె, నీ మాట," అంది.

అదృష్టం ఏమిటంటే, విషయం విన్న పద్మావతమ్మ కోప్పడలేదు సరికదా, సంబరపడిపోయింది. భర్తని అడిగి ఒప్పించింది కూడా. అయితే మాఘమాసం అనగానే ఆవిడకి ఏదో తట్టింది.

"ఒక్కటే సందేహం ద్వాలీ. అప్పటికి ఈ గడ్డి నిద్రపోతూ ఉంటుందేమో."

"నిద్రపోవుడేందమ్మా, గడ్డేమన్న నా మొగడా?"

పద్మావతమ్మ నవ్వాపుకుని విడమరిచి చెప్పింది. "నేల చల్లబడితే గరిక పెరగడం ఆపేస్తుంది. పైన ఎంత ఎండ కాసినా లాభం లేదు. వేరు దగ్గర వెచ్చదనం ఉండాలి. లేకపోతే ఆకు గోధుమరంగుకి తిరిగి అలా పడి ఉంటుంది. చచ్చిపోయినట్టు కాదు, మేలుకునే దాకా ఆగాలి. నిద్రలో ఉన్నప్పుడు దాన్ని మీ రెండు తండాల జనం తొక్కారనుకో, తెగిన చోట మళ్లీ అల్లుకోలేదు. అదే మేలుకున్న గడ్డయితే ఎంత తొక్కినా తేరుకుంటుంది. అందుకని చెబుతున్నా. అప్పటికి పచ్చగా లేచి ఉంటేనే పెళ్లి ఇక్కడ. లేకపోతే నేనే వద్దంటాను, తరవాత నన్ను అనకు."

"అట్లనే అమ్మా, అట్లనే," అంది ద్వాలి. చెవులు విన్నాయి గానీ, మనసు అప్పటికే మాఘంలో టెంటు వేయించే పనిలో ఉంది. పైగా ఆమె లెక్క ఆమెకుంది. చలికాలంలో గొడ్లు మేసే కంచెల్లో గడ్డి ఎండడం ఆమె పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. అది నీళ్లు లేక ఎండుతుంది. ఈ గడ్డికి నీళ్లకేం కొదవ? ప్రాజెక్టే పక్కన ఉంది!

కార్తీకం దాటింది. వాగు మీద పొద్దున్నే పొగమంచు కమ్మడం మొదలైంది. మార్గశిరంలో గరిక కొసలు రంగు మారాయి. పుష్యం వచ్చేసరికి లాను మొత్తం పాత గోనెసంచి రంగుకి తిరిగింది. బాలి పెళ్లికి మాఘం చివర ముహూర్తం పెట్టించారు. రెండు తండాల్లోనూ ద్వాలి మాట తెలియని మనిషి లేడు. తెలియకపోతే ఎలా, చెప్పిందే ఆమె కదా. బావి దగ్గర చెప్పింది, సంతలో చెప్పింది, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్లకి కూడా చెప్పింది.

అదే సమయానికి పద్మావతమ్మ చెల్లెలి పురుడుకి రాజమండ్రి ప్రయాణమైంది. జీపు ఎక్కబోతూ లాను వైపు చూసి వేలు ఆడించి మరీ చెప్పింది. "నీళ్లు తగ్గించు. ఎరువు వెయ్యకు. దాన్ని కదపకు, కెలకకు. దాని మానాన దాన్ని వదిలెయ్. విన్నావా?"

"అవ్ అమ్మా. నిమ్మలంగ పోయిరాండ్రి."

జీపు మలుపు తిరిగి దుమ్ము ఇంకా అణగలేదు. ద్వాలి పైపు విప్పింది.

గెస్ట్‌హౌస్ వెనక ఎత్తు మీద ఇనప ట్యాంకు ఉంది. రాత్రంతా మంచులో నిలబడి అందులో నీళ్లు చల్లగా అయ్యేవి. ఆ నీళ్లని ద్వాలి తెల్లవారకముందే పైపుతో గడ్డి మీద పారించేది. అసలే చల్లబడ్డ నేల ఇంకా చల్లబడింది. గడ్డి కదల్లేదు. అయితే బలం చాలడం లేదనుకుంది. దేవ్లా పత్తికి తెచ్చుకున్న యూరియా సంచి విప్పి చల్లింది. నిద్రపోతున్న గరిక దాన్ని ముట్టుకోలేదు. ఆ తడికి అక్కడక్కడా తెల్లగా బూజు మాత్రం పట్టింది. ఎప్పుడూ ఎవరికీ భయపడని ద్వాలి ఆ బూజు చూసి భయపడింది.

అప్పుడు ఆమెకి పద్మావతమ్మ మాటల్లో ఒక ముక్క గుర్తొచ్చింది. నేల చల్లబడితే అన్నది కదా! అంటే గడ్డికి చలి పెడుతోందన్నమాట. చలి పెడితే ఏం చేస్తాం? కప్పుతాం. పురిటి బిడ్డకైనా అంతే, ఈనిన మేకకైనా అంతే. ఆ సాయంత్రమే దేవ్లా చేత రెండు బండ్ల వరిగడ్డి తోలించింది. రాతిగోడ వారన కాస్త చోటు తప్ప లాను మొత్తం మందంగా పరిచి, సందు లేకుండా సర్ది, చీకటి పడేవేళకి నడుం పట్టుకుని లేచి, "ఇగ ఎచ్చగ పండుకో," అంది.

"ఎడ్లు తినే గడ్డి దెచ్చి గడ్డికి కప్పినవ్," అన్నాడు దేవ్లా. "గిసొంటి ఇచ్చంత్రం నేను పుట్టినకాడికెల్లి చూడలే."

"నువ్వేం చూసినవ్ గని! నోరు మూసుకోని ఎడ్లు కట్టు."

కప్పితే రాత్రి మంచు ఆగుతుంది, నిజమే. కానీ పగటి ఎండ కూడా ఆగుతుంది. ఆ సంగతి ద్వాలికి తట్టలేదు. కొన్నాళ్ల తరవాత ఒక మూల వరిగడ్డి ఎత్తి కింద చెయ్యి పెడితే, మిట్టమధ్యాహ్నం కూడా నేల జిల్లుమంది. గరిక పాలిపోయి పడుంది. చిత్రం ఏమిటంటే, కప్పు చాలక వదిలేసిన చోట, ఎండకి కాగే రాతిగోడ మొదట్లో, బెత్తెడు వెడల్పున గరిక పచ్చగా మొలిచి ఉంది. దాన్ని చూసి ద్వాలికి ఒళ్లు మండింది.

"నిన్నెవలు అరుసుకున్నరే? అన్నీ జేసినదేమో సస్తాంది, ఏం జెయ్యనిదానివి నువ్వు నవ్వవడ్తివి!" అని గోడ దగ్గరి గడ్డిని తిట్టిపోసింది. ఎందుకలా అయిందని ఒక్కసారి ఆలోచిస్తే చాలు, కథ అక్కడితో తేలిపోయేది. కానీ తిట్టే పనిలో ఉన్న మనిషికి ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఇంతలో పద్మావతమ్మ మర్నాడు వస్తోందని ఇంజనీరు సారు చెప్పాడు. ద్వాలి లాను దగ్గరికి పరిగెత్తింది. ఈ వరిగడ్డి చూస్తే ఆవిడ ఏమంటుంది? తీసెయ్యాలి. కానీ ఆ రోజే దేవ్లాతో భద్రాచలం వెళ్లి పెళ్లిబట్టలు తేవాలి, బండి కిరాయికి మాట్లాడి కూడా పెట్టుకున్నారు. జంపక్కని పిలిచింది.

"చెల్లె, గీ వరిగడ్డంత తీసేసి కింద సాఫ్ చేసి పెట్టు. పొద్దుగూకేసరికి ఒక్క పోచ కనబడొద్దు."

"ఒక్క పోచ కనబడదక్కా," అంది జంపక్క.

జంపక్క మాటంటే మాటే. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. అయితే ఆమె పుట్టిన గూడెంలో సాఫ్ చెయ్యడమంటే ఒక పద్ధతి ఉంది. ఇప్పపూలు రాలే కాలానికి ముందు ఆడవాళ్లంతా అడవికి పోయి, ఇప్పచెట్ల కింద రాలిన ఆకుకీ ఎండుగడ్డికీ నిప్పు పెడతారు. నేల నున్నగా అవుతుంది. పువ్వు రాలితే ఏరుకోవడం సులువు. చిన్నప్పటినుంచీ ఆమెకి తెలిసిన శుభ్రం అదే. రెండు బండ్ల వరిగడ్డిని చేతులతో ఎత్తి మోయడం ఎందుకు, మోసినా కింద పోచలు మిగులుతాయి కదా అనుకుంది. పనిని వంక పెట్టడానికి వీల్లేకుండా చేసింది. ముందు కంచె వెంట నీళ్లు చల్లింది. లాను మూలనున్న మామిడిచెట్టుకి సెగ తగలకుండా దాని చుట్టూ వరిగడ్డి ఊడ్చేసింది. గాలి పడిపోయే దాకా ఆగింది. పచ్చి వేపరొట్ట చేత పట్టుకుని, ఒక మూల నుంచి అంటించి, మంటని తన అదుపులోనే రెండో మూల దాకా నడిపించుకుపోయింది. చుర్రుమని లేచి, గబగబా పాకి, ఆరిపోయింది.

సాయంత్రం ద్వాలి బట్టల మూట నెత్తిన పెట్టుకుని గేటు తోసింది. ఎదురుగా నల్లటి నేల. మెట్ల దాకా నలుపే.

"అయిపోయిందక్కా. చూడు, ఒక్క పోచ లేదు," అంది జంపక్క నవ్వుతూ.

ద్వాలికి మాట రాలేదు. ఎరిగినవాళ్లెవరూ అలాంటి రోజు వస్తుందని అనుకోలేదు. మూట దించకుండానే అక్కడే చతికిలబడింది. తరవాత గొంతు వచ్చింది. వచ్చాక మామూలుగా రాలేదు.

"నా గరిక! ఓ జంపా, నా గరిక కాలవెడ్తివా! ఏం మొకం వెట్టుకోని చూడాలె నేను రుక్మిణి వదినెను! అయ్యో, నా నోరు వడిపోను, ఎందుకిచ్చిన్నే మాట!"

జంపక్కకి అప్పుడు అర్థమైంది. చేతిలో వేపరొట్ట జారిపోయింది. ఆమె కూడా ఏడ్చింది. జంపక్క ఏడుపు చూసి ద్వాలి ఆగిపోయింది. పొద్దుటినుంచీ ఆమె ఒక్కతే పాటుపడి చేసిన పని అది. మొహమంతా మసి. "ఏడువకే. నిన్నేమంట? చెప్పి పోయినదాన్ని నేనే గద," అని కొంగుతో ఆమె మొహం తుడిచింది. ఇద్దరూ కలిసి ఇంకాస్త ఏడ్చారు.

తండాలోనే పెళ్లి చేద్దాం, అందరూ చేసేది అక్కడే కదా అన్నాడు దేవ్లా. ద్వాలికీ తెలుసు, బాలి పెళ్లి ఆగదు. ఆగిపోయేది తన మాట. అది ఎవరికీ పెద్ద సంగతి కాకపోవచ్చు. తట్టలు మోసిన దగ్గర్నుంచీ ద్వాలి తన సొంతం అనుకున్న ఆస్తి ఆ మాట ఒక్కటే. చేస్తానన్నది చేసి చూపించింది, ఎన్నడూ తప్పలేదు. ఇప్పుడు కూతురి అత్తగారి దగ్గర, అదీ ఎక్కువ మాట్లాడని మనిషి దగ్గర, తప్పాల్సి వస్తోంది. మంట వార్త ఆ రాత్రే బస్సెక్కి జూలూరుపాడు చేరింది. మర్నాడు పొద్దున్నే మంగీలాల్ వచ్చి రుక్మిణి మాట చెప్పాడు: "ఆడ కాలిందంట గద. మరెట్ల?"

"గంతేనా? ఇంకేమనలే?" అంది ద్వాలి.

"గంతే."

"నవ్వుకుంట అన్నదా, కోపంగ అన్నదా?"

"రుక్మిణి మొకం చూసి ఎవలు చెప్పగల్గుతరు!" అన్నాడు మంగీలాల్. ద్వాలి ఆ మాటని ఎటు తిప్పి చూసినా ఎగతాళిలాగే వినబడింది. జవాబు పంపలేదు.

కాసేపటికే పద్మావతమ్మ జీపు దిగింది. ద్వాలి తల వంచుకుని గేటు దగ్గరే నిలబడి, ఏదీ దాచకుండా అంతా చెప్పేసింది. నీళ్లు, యూరియా, వరిగడ్డి, నిప్పు. ఆవిడ కోపంతో ఎర్రబడింది. చెప్పిన ఒక్కొక్కదానికీ ఎదురు చేశావే అంది. తరవాత "నేల మీద దుప్పటి కప్పావా!" అని నవ్వు పట్టుకోలేకపోయింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, చెప్పులు విడిచి మసి మీదకి నడిచింది.

"మరి ఇది బతుకుతదా అమ్మా?"

"నాకూ తెలీదు ద్వాలీ. మా నాన్న నర్సరీలో గడ్డికి ఎవరూ నిప్పెట్టలేదు మరి. తవ్వి చూద్దాం పట్టు."

చిన్న గునపంతో గుచ్చి మట్టి పెళ్లగించారు. పైన మసి, కింద వేళ్లు. తెల్లగా, గట్టిగా, గోరుతో గిల్లితే చెమ్మ ఊరుతూ ఉన్నాయి. మంట పైపైనే పాకిపోయింది. ద్వాలి ఆ వేరుని కళ్లకద్దుకుంది. మధ్యాహ్నం ఎండలో నడుస్తుంటే ఆమె అరికాళ్లకి మరొకటి కూడా తెలిసింది. మసి పట్టిన చోట నేల కాలుతోంది. మామిడిచెట్టు కింద, మంట పోని చోట, గరిక గోధుమరంగుగానే ఉంది, కాలు పెడితే చల్లగా ఉంది.

"అమ్మా, ఈడికి రాండ్రి. ఈడ కాలు పెట్టుండ్రి. మల్ల ఆడ పెట్టుండ్రి."

పద్మావతమ్మ ఇటూ అటూ అడుగులు వేసింది. ఒక్కసారిగా ఆవిడ మొహం విప్పారింది. "నలుపు ఎండని తాగేస్తోంది! ఇన్నాళ్లూ ఎండుటాకు, దాని మీద నీ వరిగడ్డి నేలకి ఎండ తగలనివ్వలేదు. ఇప్పుడు అడ్డం లేదు. ఆ గోడ మొదట్లో పచ్చగా ఉంది చూశావా? రాయి కాగి ఆ మట్టికి వేడి ఇస్తోంది. ఓ పని చేద్దాం. పొద్దెక్కాకే నీళ్లు పెట్టు, అదీ కొద్దిగా. ఈసారైనా నా మాట వింటావా?"

"వింట అమ్మా. నా బిడ్డ మీద ఒట్టు."

ఈసారి విన్నది. వినడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది ఆమెకి. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ద్వాలికి జన్మలో చేతకాలేదు. రోజూ మధ్యాహ్నం వచ్చి, జ్వరం చూసినట్టు, నేల మీద అరచెయ్యి ఆనించేది. రోజు రోజుకీ వెచ్చదనం లోపలికి దిగుతోంది. వేలు గుచ్చితే మొదటి గణుపు దాకా, తరవాత రెండో గణుపు దాకా. మాఘం ఎండ కూడా కొంచెం కొంచెం పదునెక్కింది. ఒక ఉదయం వంగి చూస్తే మసిలోంచి సూది మొనలంత ఆకుపచ్చ. ఒకటి కాదు, ఎటు చూస్తే అటు!

ద్వాలి పెట్టిన కేకకి జంపక్క కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, పామేమో అని.

"పాము గాదే! పానం! మన గరికకు పానమొచ్చింది!" అని ద్వాలి జంపక్కని పట్టుకుని గిర్రున తిప్పేసింది. ఆఫీసులోంచి ఇంజనీరు సారు కిటికీ తెరిచి చూసి, చూడనట్టే మళ్లీ మూసుకున్నాడు.

ఆ తరవాత గరిక ఆగలేదు. నలుపు చూస్తూ చూస్తూ ఉండగానే ఆకుపచ్చ కిందకి పోయింది. మామిడినీడలో మాత్రం అది ఇంకా కళ్లు తెరవలేదు. తొంభైల్లో రిటైరయ్యే దాకా ద్వాలి ఏటా పుష్యం వెళ్లేటప్పుడు ఆ లానుని పొట్టిగా కోసి, ఎండుపోచలన్నీ గీకి తీసేసేది. నేలకి ఎండ తగలాలి అనేది వచ్చినవాళ్లందరితో. అగ్గిపెట్టె మాత్రం మళ్లీ గేటు లోపలికి రానివ్వలేదు. ఇంజనీర్లు బీడీ కాల్చుకోవాలన్నా బయటికే పోయేవాళ్లు.

పెళ్లికి ముందురోజు పద్మావతమ్మ లాను మధ్యకి వెళ్లి, మడమతో గట్టిగా తొక్కి, పక్కన నిలబడి చూసింది. వంగిన పోచ మెల్లగా నిలబడింది. ఆవిడ టెంటు వాళ్లని రమ్మని చెయ్యి ఊపింది. ద్వాలి ఇంటికి పోయి, బాలికి తెచ్చిన మట్టిగాజుల్లోంచి ఒక జత తీసి, వద్దు వద్దంటున్నా వినకుండా జంపక్క చేతులకి తొడిగింది. "కాలవెట్టిన చేతులు గివే," అంది అందరికీ చూపిస్తూ.

పెళ్లిరోజు జూలూరుపాడు వాళ్లు రెండు ట్రాక్టర్ల మీద దిగారు. డప్పులు మోగుతున్నాయి. ద్వాలి పళ్లెంతో ఎదురొచ్చింది. రుక్మిణి ట్రాక్టర్ దిగింది. పళ్లెం వంక చూడలేదు, పెళ్లికూతురు ఎక్కడని అడగలేదు. నిటారుగా, గబగబా నడుచుకుంటూ తిన్నగా లాను దగ్గరికి పోయింది. వంగి, చిటికెడు గరిక తుంచి, వేళ్ల మధ్య నలిపి చూసింది. డప్పులవాళ్లు కూడా ఏమైందోనని ఆగిపోయారు.

రుక్మిణి అక్కడే గడ్డి మీద దబ్బున కూలబడింది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ద్వాలి పళ్లెం ఎవరికో ఇచ్చి పరిగెత్తింది.

"ఏమైంది వదినె? ఏం తక్కువైంది?"

రుక్మిణి చేతులు తీసింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "నీ కడుపు సల్లగుండ వదినె! నేనేం తక్కువ చెప్పుకున్ననా? నువ్వు మాటిచ్చిన కాడికెల్లి మా తండలనే గాదు, చుట్టు నాలుగు తండలల్ల చెప్పుకుంట తిరిగిన. మా వియ్యపురాలు మమ్ముల పచ్చగడ్డి మీద కూసోబెడ్తదంట అని. మా ఆడబిడ్డ అయితే, పెండ్లి మనుషులకా మేకలకా అని ఒకటే నవ్వుడు. కాలిందని తెల్సినప్పటికెల్లి నాకు బువ్వ సయిస్తలేదు. మరెట్ల అని మంగీలాల్ తోని అడిగిపిస్తి. నువ్వు జవాబే ఇయ్యకపోతివి!"

ద్వాలి నెత్తి కొట్టుకుంది. "నువ్వు నన్ను ఎక్కిరిచ్చినవనుకున్న వదినె!"

"ఎక్కిరిస్తనా? దిక్కుతోచక అడిగిన్నే!"

ద్వాలి కూడా అక్కడే కూలబడింది. ఇన్నాళ్లూ తను ఎవరి మొహం చూడలేనని ఏడ్చిందో, ఆ మనిషి అవతల తనలాగే గొప్పలు చెప్పుకుని, తనలాగే అన్నం మానేసి కూర్చుందన్నమాట! అది తలుచుకునే కొద్దీ నవ్వు తన్నుకొచ్చింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే రుక్మిణి ఆడబిడ్డ వచ్చి, ఏమీ తెలియనట్టు గడ్డిని ఒకసారి చేత్తో నిమిరి, నెమ్మదిగా వాళ్ల పక్కనే చోటు చూసుకుని కూర్చుంది. డప్పులు మళ్లీ అందుకున్నాయి. రెండు తండాల జనం లాను మీదకి వచ్చేశారు.

ముహూర్తం దగ్గరపడింది, తల్లులు రావాలి అని మంగీలాల్ అరిచాడు. ఎవరూ రాలేదు. రెండోసారి అరిచాడు. చివరికి దేవ్లా, కిషన్‌లాల్ వెళ్లి, నవ్వలేక కన్నీళ్లు కారుస్తున్న ఇద్దరినీ చెరో చెయ్యీ పట్టి పైకి లేపాల్సి వచ్చింది.